సెల్లార్‌లో పాటల గది: వుడెన్ ఫ్లోరింగ్ మీద నాలుగేళ్లు, బండల మీద రెండేళ్లు

సెల్లార్‌లో పాటలు వినడానికి గది చేసుకునేవాళ్లకు ముందే చెప్తున్నాను: నేలకు అతికించేది, ఒకదానిలో ఒకటి దూర్చి బిగించేది ఏదీ వేయించకండి. వేసింది ఏదైనా లేపి ఎండలో ఆరేసుకునేలా ఉండాలి. నాలుగేళ్లు వుడెన్ ఫ్లోరింగ్ మీద, ఆ తర్వాత రెండేళ్లకు పైగా తాండూరు బండల మీద కూర్చుని విన్నాక ఇంత గట్టిగా అంటున్నాను.

మా ఇల్లు హన్మకొండలో, పద్మాక్షి గుట్ట వైపు వాలులో ఉంది. ముందు నుంచి చూస్తే రోడ్డు ఎత్తులోనే ఉంటుంది, వెనక ఒక గది మాత్రం నేలలోకి దిగిపోయి ఉంటుంది. 18 అడుగుల పొడవు, 12 వెడల్పు. సామాన్లు పెట్టుకునే గదే కదా అని నాన్న అందులో తాండూరు బండలు పరిపించారు. 2019లో దాన్ని పాటల గదిగా మార్చినప్పుడు ఆ బండలతో గది నాకు గోడౌన్‌లా కనిపించింది. వాటి మీదే లామినేట్ వుడెన్ ఫ్లోరింగ్ వేయించాను.

మొదటి ఏడాది వచ్చినవాళ్లందరికీ దాన్ని మెచ్చుకుని చెప్పాను. చూడటానికి బాగుంది, చలికాలం కాళ్లకు చల్లగా తగలదు. ఈ రెండూ ఇప్పటికీ నిజమే. పాట నిండుగా వినిపిస్తోందని కూడా అన్నాను, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పలకలు నేలకు అంటుకుని ఉండవు. పల్చటి ఫోమ్ మీద ఒకదానిలో ఒకటి దూరి నిలబడతాయి. కింద ఎక్కడైనా ఎత్తుపల్లాలుంటే అక్కడ డోలులా మోగుతాయి. ఎల్లా వెంకటేశ్వరరావు గారి మృదంగం పెడితే కుడివైపు దెబ్బలు స్పష్టంగానే వచ్చేవి. ఎడమవైపు లోతుగా మోగే గుమికి దగ్గర మాత్రం నేల కూడా కలిసి 'హుం' అనేది. నేను దాన్నే నిండుదనం అనుకున్నాను.

2023 జులై చివరి వారం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులోనే దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడిన వారం అది. వరంగల్‌లో కాలనీలకు కాలనీలే మునిగాయి. మా గదిలోకి వరద రాలేదు కాబట్టి మూడు రోజులు టెన్షన్ లేకుండా పైనే ఉన్నాం. నాలుగో రోజు దిగి తలుపు తీయగానే ముక్కిన వాసన. నేల మీద తడి కనిపించలేదు. కానీ గుట్ట వైపు గోడ, నేల కలిసే చోటు నుంచి నీరు ఊరి, పలకల కిందంతా పాకింది. స్పీకర్ల ముందు రెండు పలకలు అంచుల దగ్గర పైకి లేచాయి, అడుగు వేస్తే కిర్రుమన్నాయి. ఒక అంచు పట్టుకుని లాగితే పైన ఉన్న చెక్క రంగు పొర ఊడొచ్చింది. లోపలిది నానిన అట్టలా చేతికి వచ్చింది.

వేసినతనికి ఫోన్ చేశాను. "వాటర్‌ప్రూఫే సార్, కింద నుంచి వస్తే మేమేం చేస్తం" అన్నాడు. నా కోపమంతా ఈ మాట మీదే. సెల్లార్‌లో నీరు వచ్చేదే కింద నుంచి, పక్క నుంచి. పై పొర నీటిని ఆపుతుంది, నిజమే. లోపల ఉన్నది మాత్రం ఒత్తి చేసిన చెక్క నార. అంచుల్లోంచి నెమ్ము తాగిందంటే ఉబ్బుతుంది, ఆరాక కూడా మళ్లీ సాపుగా కాదు. కొలతలు తీసుకోవడానికి వచ్చినప్పుడే ఒక చిన్న పరీక్ష చేసి ఉంటే తెలిసేది. ఒకటిన్నర అడుగుల పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేప్ వేసి నేలకు అతికించి ఒక రోజు వదిలేయాలి. మర్నాడు లోపలి వైపు నీటి బొట్లు ఉన్నా, కింద నేల రంగు ముదిరినా నెమ్ము పైకి వస్తున్నట్టే. అది కూడా వానాకాలంలో చేయాలి, ఏప్రిల్‌లో మన ఎండలకు ఏ నేలైనా పాసవుతుంది. అతను చేయలేదు, చేయాలని నాకు తెలియదు.

పలకలన్నీ పీకిస్తే కింద నాన్న వేయించిన బండలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. సందుల్లో తెల్లగా ఉప్పు పేరుకుంది, అంతే. అది సున్నపురాయి కాబట్టి యాసిడ్ జోలికి పోలేదు. పొడి బ్రష్‌తో రుద్ది, నెల రోజులు ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాం.

ఆ నెలలోనే ఒక రాత్రి, ఖాళీ గదిలో ఈమని శంకరశాస్త్రి గారి వీణ పెట్టాను. పై స్వరాలన్నీ గోడలకు కొట్టుకుని గందరగోళంగా ఉన్నాయి. కానీ మంద్రంలో తీగ మీటినప్పుడు, ఆ నాదం ఎక్కడ మొదలైందో ఎక్కడ సన్నగిల్లిందో స్పష్టంగా తెలిసింది. కింద భూమి, దాని మీద బండ, మధ్యలో మోగడానికి ఖాళీ లేదు. అదే రికార్డింగు, అవే స్పీకర్లు. నాలుగేళ్లు ఇది వినకుండా గడిపానే అనిపించింది. ఆ రాత్రి చాలాసేపు లేవలేదు.

ఇక పై స్వరాల గోల సంగతి. చప్పట్లు కొడితే నేలకు, కప్పుకు మధ్య రింగుమని తిరిగేది. కొత్తవాడ వెళ్లాను. 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన వరంగల్ దర్రీలు అక్కడివే, మా ఇంట్లో షత్రంజీ అంటాం. మగ్గం దగ్గరున్న పెద్దాయన "పండుకునేదా సారూ, నేలకేసేదా?" అని అడిగారు. స్పీకర్ల ముందు పరవడానికి అంటే, "అయితే బరువుగ నేయాలె, పల్చగైతే ముడుతలు పడ్తయ్" అన్నారు. 9 బై 6 అడుగుల నూలు షత్రంజీ నేసి ఇచ్చారు. కింద ఫెల్ట్ (ఒత్తి చేసిన మందపాటి గుడ్డ) వేసి పరిస్తే రింగు చాలావరకు పోయింది, గొంతులు దగ్గరికి వచ్చాయి.

బేస్‌కు, అంటే కింది స్థాయి మోతకు, మాత్రం అది ఏమీ చేయదు. 100 హెర్ట్జ్ (సెకనుకు 100 కంపనాలు) దగ్గర శబ్దపు అల పొడవు సుమారు 11 అడుగులు, 5,000 హెర్ట్జ్ దగ్గర 7 సెంటీమీటర్లు. సెంటీమీటరు మందం బట్ట ఆ చిన్న అలలనే కాస్త మింగగలదు. మూలల్లో రెండు పాత దూది పరుపులు చుట్టి నిలబెట్టాను, కొద్దిగా తేడా వచ్చింది. స్పీకర్ల కింద వంటగట్టుకు వాడగా మిగిలిన కరీంనగర్ గ్రానైట్ ముక్కలు పెట్టాను.

షత్రంజీకి పని ఎక్కువ. వానాకాలం వారానికోసారి లేపి చూడాలి. ఒకసారి మూడు వారాలు ఊరెళ్లొస్తే అడుగున నల్ల చుక్కలు వచ్చాయి, ఫెల్ట్ పారేయాల్సి వచ్చింది. షత్రంజీ ఉతికితే బాగుపడింది కానీ నాలుగంగుళాలు కుంచించుకుపోయింది, ఎరుపు రంగు పక్క చారలోకి దిగింది. ఫెల్ట్ బదులు ఇప్పుడు ఇంట్లోని పాత జంపఖానా మడిచి వేస్తున్నాను, అంత బాగా లేదు. చలికాలంలో బండల చల్లదనం అమ్మ మోకాళ్లకు పడదు, ఆమె మంచం మీద కూర్చుని వింటుంది.

నేను వినేది ఎక్కువగా వీణ, నాదస్వరం, పాత పాటలు, అదీ తక్కువ వాల్యూమ్‌లో. పెద్ద సబ్‌వూఫర్ పెట్టి సినిమాలు చూసేవాళ్లకు ఈ ఏర్పాటు చాలకపోవచ్చు. గోడకు బయటి నుంచి వాటర్‌ప్రూఫింగ్ చేయించి, గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫైయర్ నడిపించగలిగినవాళ్లకు చెక్క నిలుస్తుందేమో. పై అంతస్తులో గది ఉంటే నేనూ మళ్లీ ఆలోచించేవాణ్ణి. బండలు ముందే ఉన్నాయి కాబట్టి నాకు ఖర్చు కలిసొచ్చింది, అది అందరికీ ఉండదు.

మొన్న కొత్తవాడ వెళ్లి ఇంకో షత్రంజీకి చెప్పొచ్చాను, ఈసారి రంగు వేయని నూలుతో, కుంచించుకుపోయినా సరిపోయేలా అర అడుగు ఎక్కువ పొడవుతో. ఒకటి మిద్దె మీద ఆరుతుంటే ఇంకొకటి కింద ఉంటుంది.