అనంతపురం ఎండల్లో మార్జిపాన్: చాలాకాలం వాడిన తర్వాత నా అభిప్రాయం

పొట్టు తీసిన బాదం పప్పును చక్కెరతో కలిపి మెత్తగా నూరి, ముద్దగా చేసుకునే మిఠాయి పదార్థమే మార్జిపాన్. అనంతపురంలో ఇంటి దగ్గరే ఆర్డర్లకు కేకులు చేసే నేను, కొన్నేళ్లుగా దీనిని క్రిస్మస్ ప్లమ్ కేకులపై పొరగాను, చాక్లెట్లలో పూర్ణంగాను, పుట్టినరోజు కేకులపై పండ్ల బొమ్మలుగాను వాడుతున్నాను. మొదటి రెండు పనులకు దీనిని మించినది నాకు కనిపించలేదు. బొమ్మలకు మాత్రం మా ఊరి వేసవిలో దీనిని వాడమని ఎవరికీ చెప్పను.

కాజు కత్లీ చేయడం వచ్చినవారికి ఇది కొత్త విద్య కాదు. కత్లీకి పాకం పట్టి, ముద్ద దగ్గరపడేదాకా పొయ్యి మీద తిప్పుతాము. మార్జిపాన్‌ను ఇళ్లలో చాలామంది పొయ్యి వెలిగించకుండానే, బాదం పొడిని, చక్కెర పొడిని గుడ్డు తెల్లసొనతో పిసికి చేస్తారు. పచ్చి తెల్లసొన మన వేడికి మంచిది కాదు గనుక నేను దాని బదులు వేడి ఉండపాకం పోసి కలుపుతాను. గుడ్డు లేని కేకు అడిగేవారికి కూడా అదే పనికి వస్తుంది.

ఆన్‌లైన్‌లో తెప్పించిన తయారీ ప్యాకెట్లనూ వాడి చూశాను. ఒకదానిపై పదార్థాల వరుసలో మొదటి పేరే చక్కెర. తింటే తీపి తప్ప బాదం జాడ లేదు. మార్జిపాన్‌కు పేరుపడిన జర్మనీలో ముడి ముద్దలో, అంటే బాదం, చక్కెర కలిపి నూరిన మొదటి ముద్దలో, చక్కెర 35 శాతానికి మించరాదన్న నియమం ఉంది. అమ్మే మార్జిపాన్‌లో ఆ ముద్ద బరువుకు సమానం దాకా మరికొంత చక్కెర కలపవచ్చు గానీ, ల్యూబెక్ నగరం పేరుతో అమ్మాలంటే ముడి ముద్ద కనీసం 70 శాతం ఉండాలి. అందుకే ప్యాకెట్ కొనేవారు ధర కంటే ముందు బాదం శాతం చూడాలి. నేను తినడానికి చేసేదానిలో రెండు పాళ్ల బాదానికి ఒక పాలు చక్కెర వేస్తాను. కేకుపై పరిచే పొరకు ముద్ద గట్టిగా నిలవాలి గనుక రెండూ సమానంగా తీసుకుంటాను.

అసలు కష్టమంతా నూరడంలోనే ఉంది. బాదం బరువులో దాదాపు సగం నూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మిక్సీని ఆపకుండా తిప్పితే జారు వేడెక్కి, పొడి కాస్తా జిడ్డు ముద్దగా మారి అంచుల వెంట నూనె ఊరుతుంది. పొట్టు తీసిన పప్పును బాగా ఆరబెట్టి, కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి, కొంత చక్కెర కలిపి, ఆపి ఆపి తిప్పితే ఆ బాధ ఉండదు. పిసికేటప్పుడు నూనె వదిలితే ఒక చెంచా చల్లటి నీరు గాని పన్నీరు (రోజ్ వాటర్) గాని చిలకరిస్తే ముద్ద మళ్లీ కలుస్తుంది.

ప్లమ్ కేకు మీద దీని విలువ స్పష్టంగా తెలుస్తుంది. కేకుపై పలుచగా జామ్ పూసి, చక్కెర పొడి చల్లిన బల్లపై ఒత్తిన మార్జిపాన్‌ను పరిచి, ఒక రోజు ఆరనిచ్చి, ఆ తర్వాతే తెల్లటి ఐసింగ్ వేస్తాను. ఈ పొర లేకుండా వేస్తే ఎండు ద్రాక్ష రంగు, వెన్న జిడ్డు పైకి ఊరి ఐసింగ్ మీద గోధుమరంగు మరకలు పడతాయి. పొర ఉన్న కేకు లోపల తడి కూడా నిలుస్తుంది. గాలి పొడిగా ఉండే మా డిసెంబరులో ఇది చిన్న విషయం కాదు.

బాదం ధర చూసి జీడిపప్పుతోనూ చేశాను. గోవాలో క్రిస్మస్‌కు అలాగే చేస్తారు. తెల్లగా, మెత్తగా బాగానే వస్తుంది. మెక్సికోలో వేరుశనగతో చేస్తారు. చెనిక్కాయలు పండే జిల్లాలో ఉండి దానిని వదిలిపెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. వేయించి, పొట్టు తీసి నూరితే రుచి అమోఘం, పిల్లలు అడిగి మరీ తిన్నారు. కానీ అది పొడిపొడిగా విరుగుతుందే తప్ప పలుచని పొరగా సాగదు. బిళ్లలుగా అమ్ముకోవచ్చు, కేకును కప్పలేము.

బాదం ఎసెన్స్ విషయంలో మాత్రం చేయి బిగించాలి. చేదు బాదం వాసన ఒక చుక్కతోనే వచ్చేస్తుంది. రెండో చుక్క పడితే, బాదం పాలలో యాలకులకు, కుంకుమపువ్వుకు అలవాటుపడిన మా పెద్దవాళ్లు మందుల వాసన అంటారు.

ఇక బొమ్మలు: వాటికి రంగు చక్కగా పడుతుంది, చేత్తో మలచడమూ సులువే. కానీ వేసవిలో బయట పెడితే జిడ్డు తేలి వంగిపోతాయి. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే చెమ్మ పట్టి ఒక రంగు మరొక రంగులోకి కారుతుంది. ముద్దను గాలి తగలకుండా చుట్టి ఫ్రిజ్‌లో దాచితే నెల రోజులు బాగానే ఉంటుంది కనుక, వేసవిలో బొమ్మల ఆర్డర్ వస్తే కేకు ఇచ్చే గంట ముందే చేసి పెడుతున్నాను.