గోడ వ్యాయామాలు: ఏడాది దాటాక నా మాట

తిరుపతి కొర్లగుంటలో నాది కుట్టుపని. పెళ్లిళ్ల కాలం వస్తే పొద్దంతా మిషను మీదో, మగ్గం మీదో వంగే ఉంటాను. భుజాలు ముందుకు ముడుచుకుపోయి, మెడ ముందుకు చొచ్చుకొచ్చి, పక్కనుంచి చూస్తే గూని మొదలైనట్టే ఉండేది. ఫిజియోథెరపిస్టు చెప్పగా గోడ వ్యాయామాలు మొదలుపెట్టి ఏడాది దాటింది. పైసా ఖర్చు లేదు, ఖాళీ గోడ ఉంటే చాలు. మా ఇంట్లో లేనిది సరిగ్గా అదే! దేవుడి పటాలు, క్యాలెండర్లు పోను, చేతులు చాపేంత జాగా కోసం బీరువా జరపాల్సి వచ్చింది.

అన్నిటిలోకీ నాకు పనికొచ్చింది చేతులను గోడ మీద పైకీ కిందికీ జరిపే వ్యాయామం. మడమలు గోడకు నాలుగైదు అంగుళాలు ముందుంచి, మోకాళ్లు కాస్త సడలించి, పిరుదులు, వీపు, తల ఆనించాలి. మోచేతులు మడిచి, చేతుల వెనకవైపు గోడకు తగిలేలా మెల్లగా పైకి జరపాలి. చూసేవాళ్లకు పిల్లల ఆటలా ఉంటుంది గానీ, మొదట్లో నా మణికట్లు గోడకు జానెడు దూరంలోనే ఆగిపోయేవి. బలవంతంగా ఆనించబోతే నడుము విల్లులా వంగేది. నడుము వెనక అరచేయి పట్టేంత సందు సహజమే. పిడికిలి దూరుతోందంటే మాత్రం పని నడుము చేస్తోందన్నమాట, బిగుసుకున్న ఛాతీ సాగడం లేదు. పొట్ట బిగించి, చేతులు వచ్చినంత మేరకే తేవాలి.

తలను గోడకు ఆనించి, పైకెత్తకుండా గడ్డాన్ని వెనక్కి లాగి ఐదు సెకన్లు ఉంచడం రెండోది. సాయంత్రానికి మెడ పట్టేయడం దీనితోనే తగ్గింది.

గోడకుర్చీ సంగతి బడిలో దెబ్బలకు బదులు వేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తొడలకు బలమే, అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినప్పుడు ఆ ఉపకారం తెలిసింది. వంగిన వీపుకు మాత్రం దానివల్ల ఒరిగిందేమీ లేదు. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారిని దాని జోలికే పోనివ్వలేదు. ఆవిడ గోడకు ఎదురుగా నిలబడి అరచేతులతో తోస్తూ దండీలు తీస్తారు. దగ్గరగా నిలబడితే తేలిక, వెనక్కి జరిగేకొద్దీ బరువు.

తేడా నాకు అద్దంలో కన్నా జాకెట్టులో ముందు కనిపించింది. ఇదివరకు వెనక అంచు పైకి లాగి, ముందు మెడ దగ్గర గుడ్డ వదులై ముడత పడేది. అవే కొలతలతో కుట్టినా ఇప్పుడు ఆ ముడత బాగా తగ్గింది.

అయితే ముహూర్తాల హడావిడిలో కొన్నాళ్లు మానేస్తే చేతులు మళ్లీ గోడకు దూరమయ్యేవి. మగ్గం ఎత్తు పెంచి, స్టూలు మార్చాకే మార్పు నిలిచింది. పొద్దంతా వంగి, పది నిమిషాలు గోడకు ఆనుకుంటే సరిపోతుందని ఎవరైనా అంటే నేను నమ్మను. చేయి తిమ్మిరెక్కుతున్నా, నొప్పి చేతిలోకి పాకుతున్నా ముందు డాక్టరుకు చూపించుకోండి.

ఇక్కడి ఎండాకాలంలో పడమటి గోడ సాయంత్రం సెగలు కక్కుతుంది, పొద్దున్నే చేసుకోవడం మేలు. సున్నం గోడైతే పాత దుప్పటి ఒకటి వేలాడదీయండి.