గోదారి రేవు మా బల్ల మీద: స్టూడియో సాఫ్ట్‌వేర్‌తో మూడేళ్లు

కూకట్‌పల్లిలో మా ఫ్లాట్ వెనకగదిలో ఐదడుగుల పైచిలుకు పొడుగు, మూడున్నర అడుగుల వెడల్పు బల్ల ఒకటుంది. దాని మీద రాజమండ్రి ఉంది. ఊరంతా కాదు. పుష్కర ఘాట్ మెట్లు, ఆ పైన ఒక వీధి, ఏడు పెంకుటిళ్లు, రెండు కొట్లు, ముందు వైపు గోదారి, గోదారి మీద ఆర్చి వంతెనలో ఒకే ఒక్క కమాను. అన్నీ లెగో ఇటుకలే, అంటే ఒకదాని మీద ఒకటి అతుక్కునే ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలు. ఇప్పటికి 9,600 ముక్కలయ్యాయి. మూడేళ్లలో లక్షా ఐదు వేలు ఖర్చయింది. ఇంత డబ్బు పెట్టి కట్టినదానికి మొదటి పనిముట్టు ఒక్క రూపాయి ఖర్చు లేని సాఫ్ట్‌వేర్. దాని పేరు స్టూడియో. కొత్తగా ఊరు కట్టాలనుకునే పెద్దవాళ్లకు పనికొస్తుందని దాని గురించి రాస్తున్నాను.

నాకు నలభై ఆరేళ్లు. ఆస్పత్రి మందుల షాపులో ఫార్మసిస్టుని. పుట్టి పెరిగింది రాజమండ్రి రైల్వే క్వార్టర్స్‌లో, నాన్నగారు గూడ్సు గార్డు. మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్లాక అటక మీద దాని లెగో బకెట్టు దొరికింది. కడుగుదామని కిందకు దింపి, ఆరబెట్టి, ఊరికే చేతులు ఊరుకోక నాలుగు మెట్లు పేర్చాను. పక్కన కూర్చున్న నాన్నగారు చూసి "ఇది మన రేవే కదమ్మా" అన్నారు. అక్కడ మొదలైంది.

స్టూడియో అంటే కంప్యూటర్‌లో ఇటుకలు పేర్చి చూసుకునే సాఫ్ట్‌వేర్. విండోస్‌లోనూ మాక్‌లోనూ నడుస్తుంది. దీన్ని ఇచ్చేది బ్రిక్‌లింక్, అంటే లెగో విడి ముక్కలు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ కలిసే అంగడి. 2000లో మొదలైన ఆ అంగడిని 2019లో లెగో సంస్థే కొనేసింది. ఎడమ పక్క ముక్కల జాబితా ఉంటుంది, కావలసింది మౌసుతో లాగి పెడితే కింది ఇటుక పైనుండే గుండ్రటి బుడిపెల మీద చక్కగా కూర్చుంటుంది. ఒక ముక్కలోకి ఇంకో ముక్క దూరిపోతే పట్టి చూపిస్తుంది. నేను అంతకు ముందు గళ్ల కాగితం మీద పెన్సిలుతో గీసుకునేదాన్ని. మొదటి వారంలోనే ఆ కాగితాలు కట్టకట్టి లోపల పెట్టేశాను.

ముందు మెట్ల సంగతి చెప్పాలి, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. లెగోలో బుడిపెకీ బుడిపెకీ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. మామూలు ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, పల్చటి ప్లేటు 3.2. మూడు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెడితే ఒక ఇటుక. లెగో మనిషి నాలుగు సెంటీమీటర్ల ఎత్తు ఉంటాడు కాబట్టి, అసలు ఊరిని నలభై రెండో వంతుకి కుదిస్తే ఆ మనిషికి సరిపోతుంది. రేవులో మెట్టు ఎత్తు దాదాపు 15 సెంటీమీటర్లనుకుందాం, 42తో భాగిస్తే 3.6 మిల్లీమీటర్లు. అంటే ఒక ప్లేటు! కాలు పెట్టే వెడల్పు 30 సెంటీమీటర్లు, భాగిస్తే 7 మిల్లీమీటర్ల పైచిలుకు. అంటే ఒక బుడిపె! ఈ లెక్క తేలిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక ప్లేటు ఎత్తు, ఒక బుడిపె వెడల్పు, అలా పద్దెనిమిది మెట్లు. మొత్తం ఆరు ఇటుకల ఎత్తు. చూడగానే మన రేవే అనిపించడానికి కారణం ఈ కొలతే. నేను చూసిన సొంత ఊళ్ల నమూనాల్లో చాలావాటిలో భవనాలు బ్రహ్మాండంగా ఉంటాయి, నేల మాత్రం బల్లపరుపుగా ఉంటుంది. ఊరికి ఎత్తుపల్లాలు కావాలి. రేవున్న ఊరికైతే మరీను.

తర్వాత నీళ్లు. నేను స్టూడియోలో అడుగున ముదురు నీలం ప్లేట్లు పరిచి పైన పారదర్శకమైన నీలం పలకలు పెట్టాను. బొమ్మ చాలా అందంగా వచ్చింది. నాన్నగారికి చూపించాను. ఆయన కళ్లజోడు పైకి జరిపి, లాప్‌టాప్ దగ్గరకు వంగి, కాసేపు చూశారు.

"అమ్మడూ, గోదారి నీలంగా ఎప్పుడుందే?"

"బొమ్మ కదండీ నాన్నగారూ."

"ఎర్రనీళ్లొచ్చినప్పుడు చూళ్లేదూ? చెంబుతో ముంచితే అడుగున వేలెడు బురద దిగేది. ఆ నీళ్లెయ్యి."

అడుగు పొరంతా ఒకేసారి ఎంచుకుని రంగు మార్చడం స్టూడియోలో రెండు నిమిషాల పని. ముదురు ఇసుక రంగు వేసి చూశాం, చెరువులా ఉంది. ఎర్రమట్టి గోధుమరంగు వేశాం, మరీ టీ డికాషన్‌లా ఉంది. చివరికి రెండూ కలిపి చారలు చారలుగా పరిచి, పైన రంగులేని పారదర్శక పలకలు పెట్టాం. నాన్నగారు "ఆయ్, ఇది శ్రావణమాసం" అన్నారు. అప్పటికి ఒక్క ముక్క కూడా కొనలేదు. నీలం పలకలు కొనేసి ఉంటే తొమ్మిది వేలు నీళ్లలో పోసినట్టే.

రంగుల విషయంలో ఇంకో మేలు ఉంది. ప్రతి ముక్కా ప్రతి రంగులో తయారవదు. పెంకుల కోసం నేననుకున్న రంగులో ఆ చిన్న వాలు ముక్క లేదని స్టూడియో ముందే హెచ్చరించింది. దొరికే రంగుల్లోంచి రెండు ఎంచుకుని కలిపి వేశాను. పాత పెంకుటింటి కప్పు ఎలాగూ ఒకే రంగులో ఉండదు, వానకు నాచు పట్టిన చోట నల్లగా, కొత్తగా నేయించిన చోట ఎర్రగా ఉంటుంది. అలా కలపడం వల్లే కప్పు నిజమైనదిలా కనిపిస్తోంది.

డిజైన్ అయ్యాక కావలసిన ముక్కల జాబితా మొత్తం ఒక్క నొక్కుతో బ్రిక్‌లింక్‌లోకి వెళ్లిపోతుంది. ఇక్కడ మన దేశంలో ఉన్నవాళ్లు ఆగి ఆలోచించాలి. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. 2021 జనవరి నుంచి బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. యూరప్ కొట్లో చవగ్గా కనిపించిన ముక్క మన గుమ్మంలోకి వచ్చేసరికి చవక కాదు. అందుకని నేను జాబితాను రెండుగా విడగొడతాను. మామూలు ఇటుకలు, ప్లేట్లు మన దేశంలో విడిగా అమ్మేవాళ్ల దగ్గర. అరుదైన రంగులు మాత్రం అన్నయ్య కొడుకు చికాగో నుంచి వచ్చేటప్పుడు.

విడిగా కొనేటప్పుడు ఒక దెబ్బ తిన్నాను. పేరు చెప్పను కానీ, ఒక అమ్మకందారు పంపిన ఆరువందల బూడిదరంగు ప్లేట్లలో నూట ఎనభై నకిలీవి. అసలు లెగోలో ప్రతి బుడిపె మీదా చిన్న అక్షరాల్లో ఆ పేరు ఉంటుంది. వీటి మీద లేదు. పట్టు కూడా లేదు, మెట్లు కట్టి చెయ్యి తీయగానే జారిపోయేవి. సగం డబ్బే వెనక్కొచ్చింది. అప్పటినుంచి సంచి విప్పగానే గుప్పెడు తీసి కిటికీ వెలుతురులో బుడిపెలు చూస్తాను. 1958లో చేసిన ఇటుకకు నేటి ఇటుక సరిగ్గా అతుక్కుంటుందంటే ఆ కొలతల కచ్చితత్వమే ఈ సరదాకి ప్రాణం. అక్కడ రాజీ పడొద్దు.

ఇక వంతెన. 1991లో మొదలై 1997లో పూర్తయిన ఆర్చి వంతెనలో 28 కమానులున్నాయి. ఒక్కొక్కటి 97.55 మీటర్లు. మన లెక్కకు కుదిస్తే ఒక్క కమానే రెండు మీటర్ల ముప్ఫై రెండు సెంటీమీటర్లు, వంతెన మొత్తమైతే అరవై అయిదు మీటర్లు. కాబట్టి ఒక్క కమాను తీసుకుని, దాన్నీ మూడో వంతుకి తగ్గించి, 96 బుడిపెల పొడుగు చేశాను. ఆ అంకె ఊరికే పెట్టలేదు. లెగో రైలు పట్టా ముక్క ఒకటి 16 బుడిపెల పొడుగు, ఆరు ముక్కలు సరిగ్గా పడతాయి. రెండు చివరలా వంపు పట్టాలు కలిపితే మొత్తం 184 బుడిపెలు. నా బల్ల మీద అడుగున పరిచిన ఆరు బేస్‌ప్లేట్ల (ఇటుకలు పేర్చే వెడల్పాటి అడుగు పలకల) పొడుగు 192 బుడిపెలు. అటు నాలుగు, ఇటు నాలుగు బుడిపెలు మిగిలి రైలు చుట్టూ తిరుగుతుంది. ఇదంతా తెర మీదే తేలింది. అసలైతే వంతెన నదికి అడ్డంగా ఉండాలి, నా బల్ల మీద ఒడ్డు వెంట ఉంది. స్థలం కోసం ఒప్పుకున్నాను, కానీ చూసినప్పుడల్లా మనసులో గుచ్చుకుంటూనే ఉంటుంది.

తెర మీద తేలనిది బరువు. ముక్కలు ఎక్కడ సరిగా అతుక్కోలేదో స్టూడియో చూపిస్తుంది కానీ, పొడుగాటి తట్టు, అంటే పట్టాలు మోసే వంతెన అడుగు భాగం, వారం రోజులకు ఎంత కుంగుతుందో దానికి తెలియదు. పట్టాల కింద రెండు పొరల ప్లేట్లు అతుకులు మార్చి మార్చి పరిచాను. పదో రోజుకి నడుమ ఒక వేలెడు కుంగింది. రైలింజను ఎక్కితే కిందకి ఇంకాస్త. పైన ఆర్చి ఉంది కదా, మోస్తుందనుకున్నాను. మోయాలంటే వింటికి నారిలాగా కింది తట్టు ఆర్చి రెండు కాళ్లనీ లాగి పట్టుకోవాలి. నా అతుకులు లాగితే ఊడేవి.

నాన్నగారు మంచం మీంచే అడిగారు: "దూలాన్ని పడుకోబెట్టావా, నిలబెట్టావా?"

నిలబెట్టలేదు. ప్లేట్లన్నీ పడుకునే ఉన్నాయి. ఆ రాత్రి పక్కకు బుడిపెలున్న ఇటుకలు వాడి, ప్లేట్లను నిలువుగా తిప్పి, తట్టుకి రెండు పక్కలా అంచు దూలాల్లా బిగించాను. రెండు రోజులు పట్టింది, మునివేళ్లు కందిపోయాయి. ఇప్పటికి పద్నాలుగు నెలలు, గీత గీసినట్టు నిలబడి ఉంది. స్టూడియోతో పొడుగైనదేదైనా గీస్తే, ముందు ఆ ఒక్క భాగానికే ముక్కలు కొని కట్టి పది రోజులు చూడండి. తర్వాతే మిగతావి కొనండి.

ఇళ్ల గురించి ఎక్కువ చెప్పను. 2007లో కేఫ్ కార్నర్ అనే సెట్టుతో మొదలైన లెగో మాడ్యులర్ భవనాల పద్ధతే నాదీ. ప్రతి ఇల్లూ విడి పలక మీద, పక్కింటికి పిన్నులతో తగిలించడం, కప్పు ఎత్తితే లోపల గదులు. ఇల్లు మారినా దుమ్ము దులిపినా ఒక్కొక్కటే తీయొచ్చు. అరుగులు మాత్రం నాన్నగారి పట్టుదలతో వచ్చాయి, ఏడిళ్లకీ ఉన్నాయి.

కట్టే క్రమం చూపే పుస్తకం కూడా స్టూడియోలోనే తయారు చేసుకోవచ్చు. నేను సొంతానికే కదా అని మొదట వదిలేశాను. తర్వాత చేసి చూస్తే, ఒక ఇంట్లో వెనక గోడ పెట్టాక కిటికీ లోపలికి చెయ్యి దూరదని అప్పుడు తెలిసింది. ఆ శ్రమ తీసుకోండి. ఫొటోలాంటి బొమ్మలు తీసే సౌకర్యమూ ఉంది. మా పాత లాప్‌టాప్‌లో ఒక్క బొమ్మకు రాత్రంతా పట్టింది, కానీ పొద్దున్నే ఆ ఎర్రనీళ్ల మీద ఆర్చి నీడ చూసి నాన్నగారు దాన్ని ప్రింటు తీయించమన్నారు. ఒక సలహా: ఊరంతా ఒకే ఫైల్లో పెట్టకండి. వీధికొకటి, వంతెనకొకటి, రేవుకొకటి చేసుకుంటే పని తేలిగ్గా సాగుతుంది.

సెట్టు కొని పుస్తకం చూసి కట్టడమే మీకు సంతోషమైతే దీని అవసరం లేదు. మీ సొంత వీధి, మీ అమ్మమ్మగారి ఇల్లు, మీ ఊరి స్టేషన్ కట్టాలనుంటే మాత్రం మొదటి ముక్క కొనే ముందే ఇది ఎక్కించుకోండి. అయిదుకి నాలుగున్నర మార్కులు ఇస్తాను. తగ్గిన సగం బరువు సంగతికి.

ఇప్పుడు పాత వంతెన స్తంభాలు గీస్తున్నాను. 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసిన హేవలాక్ వంతెన అది. ఆర్చి వెనక మూడు స్తంభాలు చాలు. జాబితాలో 214 ముక్కలున్నాయి. నిన్న రాత్రి నాన్నగారు ఇంకో రెండు కలిపించారు: గూడ్సు చివర పెట్టెలో నిలబడే మనిషి, అతని చేతికి పచ్చజెండా.