రెజిన్ బాక్స్ కార్ కిట్లు: 11 ఏళ్ల పాటు కట్టి, నడిపిన తర్వాత

గత 11 ఏళ్లలో నేను మోడల్ రైళ్ల హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలు కొలతకు 87.1వ వంతులో, 19 అమెరికన్ బాక్స్ కార్లను, అంటే కప్పు ఉన్న గూడ్స్ పెట్టెలను, అచ్చులో పోసి గట్టిపరచిన రెజిన్ భాగాల కిట్ల నుంచి కట్టాను. అన్నీ 1948 అక్టోబరు నాటి రైళ్లలో కనిపించదగినవే. వీటిలో 16 ఇప్పటికీ వారానికి రెండు మూడు సార్లు నా పట్టాల మీద తిరుగుతున్నాయి, రెండింటిని విప్పి మళ్లీ కట్టవలసి వచ్చింది, ఒకటి పూర్తిగా పాడైపోయింది. కిట్ విప్పిన మొదటి నెలలో కనిపించే గుణదోషాలు వేరు. ఏళ్ల తరబడి చేతుల్లో నలిగి, వేసవి వేడికి ఆగి, వందల సార్లు షంటింగ్ జరిగిన తర్వాత బయటపడేవి వేరు. ఈ సమీక్ష ఆ రెండో రకం సంగతుల గురించి.

ఇంత శ్రమతో కూడిన రెజిన్ ఎందుకన్నది ముందుగా చెప్పాలి. ఇంజెక్షన్ పద్ధతిలో పోసే ప్లాస్టిక్ కిట్లకు లోహపు అచ్చు కావాలి, దాని ఖర్చు రాబట్టుకోవాలంటే కిట్లు వేల సంఖ్యలో అమ్ముడుపోవాలి. అందువల్ల ఆ తయారీదారులు ఎక్కువ రైల్వేలు వాడిన పెట్టెలనే ఎంచుకుంటారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో రైల్వేలను తన అదుపులోకి తీసుకున్న ప్రభుత్వ యంత్రాంగం, యు.ఎస్.ఆర్.ఏ., 1918లో సుమారు లక్ష పెట్టెలను ఉమ్మడి నమూనాల ప్రకారం ఆర్డరిచ్చింది కాబట్టి వాటిలో కొన్ని ప్లాస్టిక్‌లో దొరుకుతాయి. 1937 నాటి ప్రామాణిక ఉక్కు బాక్స్ కార్ కూడా అలాగే దొరుకుతుంది. కానీ ఈ రెండింటి నడుమ ఒక్కొక్క రైల్వే తన అవసరానికి తగ్గట్టు సొంత కొలతలతో కట్టించుకున్నవి, పాత చట్రాలకు కొత్త ఉక్కు గోడలు తొడిగి తిరగగట్టినవి లెక్కకు మిక్కిలిగా ఉన్నాయి. ఒక రైల్వే పెట్టె మరో రైల్వే మీదుగా దేశమంతా తిరిగే ఏర్పాటు అక్కడ ఉండేది. అందువల్ల కాలిఫోర్నియాలోని ఒక చిన్న యార్డును నమూనాగా కట్టేవారికి కూడా తూర్పు ప్రాంతపు రైల్వేలైన పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్ పెట్టెలు తప్పవు. ఆ అరుదైన రకాలు కావాలంటే సిలికాన్ రబ్బరు అచ్చులో తక్కువ సంఖ్యలో పోసే పాలీయురెథేన్ రెజినే దారి. ఆ అచ్చు కొన్ని పదుల పోతలకే అరిగిపోతుందన్న సంగతి కొనేటప్పుడు గుర్తుంచుకోవాలి. అచ్చు చివరి దశలో పోసిన కిట్ ఒకటి నాకు వచ్చింది, దాని మూలల్లో రివెట్ తలలు సగం చెరిగిపోయి ఉన్నాయి.

నేను కట్టినవాటిలో 12 విడి పలకల కిట్లు, 7 ఒకే పోతగా వచ్చిన డబ్బా కిట్లు. విడి పలకల కిట్‌లో రెండు పక్క గోడలు, రెండు కొస గోడలు, కప్పు, అడుగు వేరువేరుగా వస్తాయి. పలక బల్లపరుపుగా పోసినది కాబట్టి దాని మీది వివరం పదునుగా ఉంటుంది. అయితే ఆ పలకలను మూలమట్టానికి ఆనించి లంబకోణంలో నిలబెట్టడమే ఒక విద్య. ఒక కిట్‌లో కప్పు పక్క గోడల కన్నా 0.6 మిల్లీమీటర్లు పొట్టిగా వచ్చింది. అసలు పెట్టె లెక్కలో అది 52 మిల్లీమీటర్లు, అంటే రెండు అంగుళాలకు పైనే. వంగిన పలకను చేయి పట్టగలిగినంత వేడి నీళ్లలో ఉంచి, రెండు అద్దాల మధ్య బరువు పెట్టి చల్లారనిస్తే సరి అవుతుంది కానీ, పొట్టి అయిన పలకకు మందు లేదు, సన్నని ప్లాస్టిక్ ముక్క అతికించి అరగదీయడమే.

అసలు తేడా ఆ తర్వాతి ఏళ్లలో తెలిసింది. విడి పలకల 12 పెట్టెల్లో 4 మూల అతుకుల దగ్గర విడిపోయాయి, అన్నీ మూడో ఏడుకూ ఆరో ఏడుకూ మధ్యనే. సూపర్ గ్లూ లాగుడుకు బాగా ఆగుతుంది కానీ పక్కనుంచి తగిలే దెబ్బకు గాజులా పగులుతుంది. పెట్టెను మధ్యలో పట్టుకుని ఎత్తిన ప్రతిసారీ మూలల మీద పడేది సరిగ్గా అలాంటి ఒత్తిడే. సూచనల కాగితం సూపర్ గ్లూ చాలునని చెప్పింది. చాలదని నా అనుభవం. ఇప్పుడు నేను ప్రతి మూలలో లోపలి వైపు 3 మిల్లీమీటర్ల చదరపు కడ్డీని నిలువుగా పెట్టి, రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీతో బిగిస్తున్నాను, పక్క గోడల నడుమ ఒక అడ్డుపలక కూడా వేస్తున్నాను. అలా కట్టిన 8 పెట్టెల్లో ఇంతవరకు ఒక్క అతుకూ కదలలేదు. ఒకే పోత డబ్బాలకు ఈ బాధ ఎన్నడూ రాలేదు. మొదటి కిట్ కట్టబోయేవారికి ఒకే పోత డబ్బానే ఎంచుకోమని చెబుతాను, దాని కప్పు అంచుల దగ్గర వివరం కొంచెం మొద్దుబారి ఉన్నా సరే.

పూర్తిగా పాడైపోయిన పెట్టె సంగతి వివరంగా చెప్పవలసినదే, ఎందుకంటే అది కిట్ తప్పు కాదు, నా తప్పు. రెజిన్ తేలిక. అమెరికాలో 1935లో ఏర్పడిన జాతీయ మోడల్ రైల్‌రోడ్ సంఘం, ఎన్.ఎమ్.ఆర్.ఏ., సిఫారసు ప్రకారం హెచ్‌ఓ పెట్టెకు ఒక ఔన్సు మూల బరువు, దాని మీద ప్రతి అంగుళం పొడవుకు అర ఔన్సు ఉండాలి. 40 అడుగుల రకం బాక్స్ కార్ బయటి పొడవు స్కేలులో సుమారు 147 మిల్లీమీటర్లు, అంటే 5.8 అంగుళాలు కాబట్టి బరువు 3.9 ఔన్సులు, దాదాపు 110 గ్రాములు రావాలి. ఆ బరువు కోసం సీసపు గుళ్లను తెల్ల జిగురులో కలిపి అడుగున పోసి, పైన కప్పు మూసేశాను. నాలుగేళ్ల తర్వాత పక్క గోడలు ఉబ్బడం మొదలైంది. జిగురు నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లని పొడిగా మారి ఉబ్బుతుంది. మూసిన పెట్టెలో ఆ ఒత్తిడి ఎటూ పోలేక గోడను చీల్చింది. మరో రెండు పెట్టెల్లోనూ అదే చేశానని గుర్తుకు వచ్చి వాటిని వెంటనే కోసి తెరిచాను. పైన చెప్పిన, మళ్లీ కట్టిన రెండు పెట్టెలు ఇవే. ఇప్పుడు ఇత్తడి ముక్కలనే వాడుతున్నాను, అడుగు పలకను జిగురుతో మూయకుండా రెండు చిన్న మరలతో బిగిస్తున్నాను. ఏ కిట్ కట్టినా ఈ మరల ఏర్పాటు తప్పక చేసుకోవాలని గట్టిగా చెబుతాను.

చిన్న భాగాల విషయంలో రెజిన్ కిట్లు నన్ను సంతోషపెట్టాయి. మంచి కిట్లలో చేతిపట్టు కమ్మీలకు ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ ఇస్తారు. 0.25 మిల్లీమీటర్ల ఆ తీగ అసలు లెక్కలో సుమారు 22 మిల్లీమీటర్లు అవుతుంది, నిజమైన ముప్పావు అంగుళపు కమ్మీ కన్నా కొంచెమే లావు. 11 ఏళ్లలో తీగతో చేసిన కమ్మీ ఒక్కటీ విరగలేదు, వంగితే పట్టకారుతో సరిచేశాను. ప్లాస్టిక్‌తో పోసిన కమ్మీలు ఇచ్చిన కిట్‌లో మాత్రం మొదటి ఏడాదే ఏడు విరిగాయి. కప్పు మీది నడకపలక లోహపు జాలీ అయితే దానిని సూపర్ గ్లూతో అంటించవద్దు. వేడికి లోహం ఒక తీరుగా, రెజిన్ మరో తీరుగా వ్యాకోచిస్తాయి కాబట్టి అది చివరి నుంచి లేచి వస్తుంది. ఎండినా సాగే గుణం ఉన్న జిగురు దానికి తగినది. రంగు వేసేముందు పాత్రలు తోమే సబ్బుతో అన్ని భాగాలనూ కడగాలన్నది అందరూ చెప్పేదే. నేను కడగకుండా రంగు వేసిన ఒకే ఒక పెట్టె తలుపు దగ్గర ఇప్పటికీ పొట్టు లేస్తోంది.

చక్రాల విషయం క్లుప్తంగా చెబుతాను. మామూలు హెచ్‌ఓ చక్రం వెడల్పు 0.110 అంగుళం; స్కేలులో అది 240 మిల్లీమీటర్లు దాటుతుంది, అసలు చక్రం 145 మిల్లీమీటర్లకు మించదు. 0.088 అంగుళాల సన్న చక్రాలు కొస నుంచి చూసినప్పుడు ఎంతో నిజంగా ఉంటాయి, నా పట్టాల మీద ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తున్నాయి. పట్టాలు చీలే పాయింట్ల దగ్గర ఖాళీలు ఎక్కువగా ఉన్న పట్టాల మీద మాత్రం అవి ఆ ఖాళీల్లోకి దిగబడతాయి.

ఇక ఈ కిట్లలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, అంటే ఖచ్చితత్వం. ఒక పెట్టె సరిగ్గా ఉందా లేదా అన్నది రివెట్లు ఎన్ని ఉన్నాయన్నదానితో తేలదు, ఫలానా నంబరు గల పెట్టె ఫలానా నెలలో అలా ఉండేదా అన్నదానితో తేలుతుంది. కొస గోడల మీది అడ్డుగట్లనే తీసుకోండి. 1932 నమూనాలో పై పలకకు 4, కింది పలకకు 4 గట్లు. 10 అడుగుల లోపలి ఎత్తున్న 1937 నమూనాలో 4, 5. దాని తర్వాత 10 అడుగుల 6 అంగుళాలకు పెరిగినప్పుడు 5, 5. అలవాటైన కన్ను ఆ గట్లను లెక్కపెట్టి పెట్టె ఎత్తును, ఇంచుమించుగా కాలాన్ని చెప్పేస్తుంది. నేను కొన్న ఒక కిట్‌లో కొస గోడలు 4, 5 గట్లవి, పెట్టె మీదికి ఎక్కించే అక్షరాల పొరతో వచ్చే డీకాల్ కాగితం మీది నంబర్లలో సగం మాత్రం 10 అడుగుల 6 అంగుళాల ఎత్తున్న తర్వాతి వరుసవి. కిట్ తయారుచేసినవారి పరిశోధన గోడల వరకు శ్రద్ధగా సాగి, అక్షరాల దగ్గర ఆగిపోయిందన్నమాట. రైల్వేలు తమ పెట్టెల నంబరు వరుసలను, కొలతలను ప్రకటించే రిజిస్టరును ఆ కాలపు ప్రతిలో తెరిచి చూస్తే ఇలాంటి పొరపాటు రెండు నిమిషాల్లో దొరుకుతుంది.

అక్షరాలలోనే మరో పరీక్ష ఉంది, దానిని నేను ప్రతి కిట్‌కూ తప్పకుండా చేస్తాను. పెట్టె పక్కన ఖాళీ బరువు, గరిష్ఠ సరుకు బరువు రెండూ పౌండ్లలో రాసి ఉంటాయి. 1940లలో 50 టన్నుల పెట్టెకు ఆ రెండూ కలిపి 169,000 రావాలి, 40 టన్నుల పెట్టెకు 136,000 రావాలి, ఎందుకంటే ఆ మొత్తాన్ని నిర్ణయించేది ఇరుసు జర్నల్, అంటే బేరింగులో తిరిగే ఇరుసు కొస, మోయగల బరువు. పెట్టెను మళ్లీ తూచి ఖాళీ బరువు మారిస్తే సరుకు బరువూ మారుతుంది, మొత్తం మారదు. ఖాళీ బరువు 45,800 అయితే సరుకు 123,200. నా దగ్గరికి వచ్చిన డీకాల్ కాగితాల్లో మూడింటిలో ఈ కూడిక సరిపోలేదు. తూచిన చోటు, నెల, ఏడు కూడా అక్కడే రాస్తారు కాబట్టి 1948 అక్టోబరు రైలులో 1949 తేదీ గల పెట్టె ఉండకూడదు. ఈ వరుసను ఒక్కొక్క అంకెగా కోసి అతికించడానికి ఒక సాయంత్రం పడుతుంది. నాకు ఈ పని మొత్తంలో ఎక్కువ ఇష్టమైన సాయంత్రం అదే.

బ్రేకుల అమరిక కూడా తేదీతోనే ముడిపడి ఉంది. 1933 నుంచి కొత్త పెట్టెలకు ఏబీ రకం బ్రేకు తప్పనిసరి అయింది, పాత కే రకం 1953 దాకా ఇతర రైల్వేల మీద తిరగగలిగింది. కే రకంలో సాధారణంగా సిలిండరు, గాలి తొట్టి, వాల్వు ఒకే ముద్దగా ఉంటాయి. ఏబీలో మూడూ విడివిడిగా వేలాడతాయి, పక్కనుంచి చూసినా తేడా తెలుస్తుంది. నా 1948కి రెండూ చెల్లుతాయి. అందుకే 1926లో తీసిన ఫ్యాక్టరీ ఫోటోలో కే కనిపించినంత మాత్రాన నా పెట్టెకు కే పెట్టడం సరికాదు, తర్వాతి ఏళ్ల ఫోటో వెతకాలి. పెన్సిల్వేనియా రైల్వే ఎక్స్29 రకం కూడా ఇలాంటిదే. 1924 నుంచి వేల సంఖ్యలో కట్టిన ఆ ఉక్కు పెట్టెల పక్క గోడల కింది అంచు తుప్పు పట్టేది, దాని మీద కొత్త రేకు ముక్కలు అతికేవారు. కిట్ మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు రూపాన్నే ఇస్తుంది. ఆ అతుకు రేకులను 0.13 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ షీటుతో, రివెట్లను డీకాల్ పొర మీద వచ్చే ఉబ్బెత్తు చుక్కలతో చేశాను. ఎనిమిదేళ్లయినా ఆ చుక్కల్లో ఒక్కటీ రాలలేదు.

రంగు విషయంలో నా అభిప్రాయం కాలక్రమంలో మారింది. మొదటి ఐదు పెట్టెలకు తుప్పు మరకలు ధారాళంగా వేశాను. ఆ తర్వాత, ఫోటోగ్రాఫర్ జాక్ డెలానో 1942 చివర్లోనూ 1943లోనూ షికాగో ప్రాంతపు యార్డుల్లో తీసిన రంగుల ఫోటోలను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సేకరణలో చూశాను. అక్కడి పెట్టెల మీద తుప్పు కన్నా మసి ఎక్కువ. ఎర్రమట్టి రంగు కూడా ఒక్కటి కాదు, నారింజకు దగ్గరగా ఉన్నది ఒకటి, చాక్లెట్ రంగుకు దగ్గరగా ఉన్నది మరొకటి పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. ఆ ఐదింటికీ రంగు తీసి మళ్లీ వేశాను. మసి పట్టిన గోడ మీద, కొత్తగా తూచిన బరువు రాసిన చోట మాత్రం శుభ్రమైన చిన్న చదరం వదిలాను, నిజంగా అలాగే ఉండేది కాబట్టి.

ప్రస్తుతం నా బల్ల మీద ఇరవయ్యో కిట్ ఉంది. విడి పలకలదే, ఎందుకంటే ఆ పెట్టె మరే రూపంలోనూ దొరకదు. పలకలు కడిగి, ఎండబెట్టి, కొలిచాను. కప్పు ఈసారి గోడలతో సమానంగా వచ్చింది. డీకాల్ కాగితం మీద ఖాళీ బరువు, సరుకు బరువు కలిపి చూశాను, 169,000కు 400 తక్కువ వచ్చింది. అక్టోబరు 1948కి ముందు తీసిన ఫోటో ఒకటి దొరికేదాకా ఆ అంకెలను ముట్టుకోను, ఈలోగా మూల కడ్డీలు కోస్తున్నాను.