మావాడు వంత పాడటం మానేశాడు: గుంటూరులో పిల్లల బుర్రకథ శిబిరం గురించి

మావాడికి పదేళ్ళు, జూన్‌లో ఆరో తరగతిలోకి వచ్చాడు. ఈ వేసవిలో బ్రాడీపేటలో ఒక మేడ మీద హాల్లో పదిహేను రోజులు పిల్లలకి బుర్రకథ, నాటకం నేర్పుతూ, వాటితోనే తోటివాళ్ళని ఏడిపించకూడదని చెప్పే శిబిరం పెడితే చేర్పించాను. ఫీజు 2,500. పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా. సెలవుల్లో ఫోన్ పట్టుకుని కూర్చోకుండా ఉంటాడని చేర్పించలేదు. ఏప్రిల్‌లో జరిగిన ఒక సంగతి వల్ల చేర్పించాను, అది చెబితే గానీ ఈ శిబిరం నాకెందుకు అంత నచ్చిందో అర్థం కాదు.

వాళ్ళ స్కూల్ ఆటోలో వచ్చే ఒక బాబుకి నత్తి ఉంది. వాడు ఎక్కగానే ఇద్దరు పెద్ద పిల్లలు వాడి పేరుని వాడిలాగే సాగదీసి పిలవడం, మిగతావాళ్ళు పడీ పడీ నవ్వడం, రోజూ ఇదేనట. ఒక సాయంత్రం ఆ బాబు వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చి, మంచినీళ్ళు ఇస్తే గ్లాసు చేత్తో పట్టుకుని తాగకుండా అలాగే కూర్చుని, "మీవాడు ఒక్క మాట కూడా అనడండీ, కానీ అందరికన్నా గట్టిగా నవ్వేది వాడేనట, మావాడు ఇక ఆటో ఎక్కనంటున్నాడు" అంది. నాకు నోట మాట రాలేదు. మావాణ్ణి అడిగితే "నేనేం అనలేదు కదమ్మా" అన్నాడు. దబాయింపు కాదు, నిజంగానే తన తప్పేమీ లేదనుకుంటున్నాడు. తిట్టాను, తీసుకెళ్ళి సారీ చెప్పించాను. చెప్పాడు గానీ వాడికి అర్థమై చెప్పింది కాదని నాకు తెలుసు.

శిబిరంలో 22 మంది పిల్లలు, ఎనిమిదేళ్ళ నుంచి పదమూడేళ్ళ దాకా. నేర్పేది ఒక మాస్టారు, ఆయనతో పాటు నాటకాలు వేయించే ఒక మేడమ్. మొదటి మూడు రోజులూ ఏడిపించడం, దయ లాంటి మాటే ఎత్తలేదు. అడుగులు, తాళం, గుమ్మెట (చేత్తో వాయించే చిన్న డోలు) ఎలా పట్టుకోవాలి, అంతే. బుర్రకథ చూసి ఎన్నాళ్ళయిందో అనుకునేవాళ్ళ కోసం చెబుతున్నా: మధ్యలో తంబురా పట్టుకున్న కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు ఒక చరణం పాడగానే వంతలు "తందాన తాన" అని అందుకుంటేనే కథ ముందుకి నడుస్తుంది. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ గారు, 1986లో పద్మశ్రీ అందుకున్నాయన, పుట్టింది మన గుంటూరు జిల్లా పొన్నెకల్లులోనే. ఆ సంగతి గుంటూరు పిల్లల్లో ఎంతమందికి తెలుసు? మాస్టారు మొదటి రోజే చెప్పారట, నాకది సంతోషం.

అసలు పాఠం నాలుగో రోజు. ఒక పిల్లవాణ్ణి కథకుడిగా నిలబెట్టి, ఊళ్ళో ఒకణ్ణి వెక్కిరించే పాట పాడమన్నారు. మావాడు ఒక వంత. మొదటిసారి మామూలుగానే పాడారు, తందాన తాన అంటుంటే హాలంతా నవ్వులు. రెండోసారి మాస్టారు వంతలిద్దరి చెవిలో "ఈసారి మీరు అందుకోకండి" అన్నారు. ఆ రోజు మావాడు టిఫిన్ బాక్స్ మర్చిపోతే ఇవ్వడానికి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడిపోయాను. కథకుడు మొదటి చరణం పాడి ఆగాడు. ఎవరూ అందుకోలేదు. రెండో చరణం ఎత్తుకుని పక్కకి తిరిగి మావాడి మొహంలోకి చూశాడు. మావాడి చెయ్యి గుమ్మెట మీద అంగుళం ఎత్తున అలాగే ఉంది, వేళ్ళు వాయించాలని అదురుతున్నాయి, వాయించలేదు. మూడో చరణానికి ఆ పిల్లవాడి గొంతు తగ్గిపోయి, చివరికి తనే ఆపేశాడు.

మధ్యాహ్నం అన్నం తింటూ మావాడు "అమ్మా, నేను తందాన అనకపోతే వాడికి పాట సాగలేదు" అన్నాడు. కాసేపాగి, "ఆటోలో కూడా అంతే కదా" అన్నాడు. వంత పాడటం అని మనం రోజూ వాడే మాటే, దాంట్లో ఇంత ఉందని నేనే ఎప్పుడూ ఆలోచించలేదు.

ఫిన్లాండ్‌లో టుర్కు యూనివర్సిటీ వాళ్ళు స్కూళ్ళ కోసం తయారు చేసిన కివా అనే కార్యక్రమం కూడా ఏడిపించేవాణ్ణి మాత్రమే పట్టుకోకుండా చుట్టూ చూసేవాళ్ళని మార్చడం మీదే ఎక్కువగా నిలబడిందని మేడమ్ పేరెంట్స్‌కి చెప్పారు. యునెస్కో 2019 నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు ప్రతి ముగ్గురు విద్యార్థుల్లో ఒకరు అంతకు ముందు నెలలో ఏదో ఒక రకంగా ఏడిపింపుకి గురైనవాళ్ళే. ఇంతమందిని ఎవరో నలుగురు చెడ్డపిల్లలే ఏడిపిస్తున్నారంటే నేను నమ్మను.

రెండో వారం ఫోరమ్ థియేటర్. బ్రెజిల్‌కి చెందిన అగస్టో బోల్ 1970ల్లో పెంచిన పద్ధతి ఇది. చిన్న నాటిక వేస్తారు, చివర్లో అన్యాయమే జరుగుతుంది. మళ్ళీ మొదటి నుంచి వేస్తారు, ఈసారి చూసేవాళ్ళలో ఎవరైనా "ఆపు" అని లేచి పాత్రలోకి వెళ్ళి ఇంకోలా చేసి చూపించవచ్చు. ఒక్కటే షరతు, ఏడిపించేవాడి పాత్ర తీసుకుని వాణ్ణి ఉన్నట్టుండి మంచివాడిగా మార్చేయకూడదు. మొదట అందరూ లేచి కొట్టడమే చేశారట! ఆ తర్వాత ఒక పాప వెళ్ళి, ఎవర్నీ ఏమీ అనకుండా "ఇటు రా, ఇక్కడ ఖాళీ ఉంది" అని పక్కన చోటు చూపించిందట. అక్కడితో ఆ నాటిక నడక మారిపోయిందని మావాడు నాలుగుసార్లు చెప్పాడు.

బాగోలేనివి కూడా చెప్పాలి. ఆరో రోజు ఒక పిల్లవాణ్ణి వాడికి స్కూల్లో జరిగిందే అందరి ముందూ చేసి చూపించమన్నారు. వాడు మధ్యలో ఏడ్చేశాడు, ఆ రోజు ఇక మాట్లాడలేదు. ఇది పెద్ద పొరపాటు, నేనూ ఇంకో ఇద్దరు తల్లులూ వెళ్ళి గట్టిగానే చెప్పాం. వాళ్ళు వాదించలేదు, మర్నాటి నుంచి ఎవరి సొంత కథా వాళ్ళు వేయకూడదు, పేరూ ఊరూ మార్చి ఇంకొకరు వేయాలి అని నియమం పెట్టారు. అది మొదటి రోజే ఉండాల్సింది. హాల్లో రెండే ఫ్యాన్లు, మన ఎండలకి ఎనిమిదింటికే పిల్లలు తడిసి ముద్దయిపోయేవాళ్ళు, మజ్జిగ ఇచ్చారు కాబట్టి సరిపోయింది. ఎనిమిదేళ్ళవాళ్ళనీ పదమూడేళ్ళవాళ్ళనీ ఒకే బ్యాచ్‌లో వేయడం నాకు నచ్చలేదు. చివరి రోజు ప్రదర్శన ముందు పెద్దల ప్రసంగాలు ముప్పావుగంట!

ఆ ప్రదర్శనలో కథకురాలిగా చేసిన పాపకి కూడా నత్తి ఉంది. పాడేటప్పుడు, పదిమందితో కలిసి పలికేటప్పుడు నత్తి ఉన్న చాలామందికి మాట తడబడదు, ఆ పాప కూడా చరణాలన్నీ గడగడా పాడేసింది. వచనం దగ్గరికి వచ్చేసరికి ఒక మాట దగ్గర ఆగిపోయింది. వంతలిద్దరూ మాట అందించలేదు, తల తిప్పుకోలేదు, ఆ పాప వైపే చూస్తూ తాళం నెమ్మదిగా వేస్తూ ఉన్నారు. మాట వచ్చింది. వెంటనే తందాన అందుకున్నారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. (బుర్రకథతో నత్తి పోతుందని ఎవరూ అనుకోకండి, దానికి స్పీచ్ థెరపిస్టుని కలవాలి.)

కొట్టడం, బెదిరించడం దాకా వెళితే శిబిరాల కోసం చూడకుండా స్కూల్‌తో మాట్లాడండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. మా పిల్లలు అలాంటివాళ్ళు కాదు, నవ్వుతారంతే అనుకునే నాలాంటి తల్లిదండ్రులు మాత్రం తప్పకుండా పంపండి. ఆ డబ్బుకి నేను బాధపడలేదు.

స్కూళ్ళు తెరిచాక ఆటోలో ఆ ఇద్దరు పెద్ద పిల్లలూ మారలేదు. మావాడు ఆ బాబు పక్కన కూర్చుంటున్నాడు. ఒకరోజు మళ్ళీ నవ్వు వచ్చేసిందని ఇంటికి వచ్చి వాడంతట వాడే చెప్పాడు. దసరా సెలవులకి పది రోజుల బ్యాచ్ ఉందన్నారు, ఆ బాబు వాళ్ళమ్మకి చెప్పాను. గుమ్మెట ఇస్తేనే వస్తాడట, వచనం మాత్రం చెప్పడట.