పాత జపాన్ స్పోర్ట్స్ కారు కొనబోతున్న శ్రీకాకుళం, విజయనగరం వారికి హెచ్చరిక

నిస్సాన్ స్కైలైన్, టయోటా సుప్రా, మాజ్దా ఆర్‌ఎక్స్-7 వంటి పాతికేళ్ళ నాటి జపాన్ కార్లను "జపాన్ నుంచి నేరుగా వచ్చింది, కాగితాలన్నీ క్లియర్" అంటూ మన రెండు జిల్లాల్లో చూపిస్తున్న ఒక మధ్యవర్తికి మా తోడల్లుడు మూడు లక్షల రూపాయలు అడ్వాన్సు ఇచ్చారు. ఆ సొమ్ము ఇంతవరకు తిరిగి రాలేదు. ఆయన నౌకలో ఇంజినీరు, ఏడాదిలో సగం రోజులు సముద్రం మీదే ఉంటారు. కాబట్టి కారు చూడడం, కాగితాలు పరిశీలించడం నా వంతు అయింది. అక్కడ గమనించిన విషయాలు ఇంకొకరి డబ్బు పోకుండా ఆపవచ్చునని ఇది రాస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి. విదేశంలో వాడిన కారును మన దేశానికి తేవాలంటే అది తయారై మూడేళ్ళు దాటి ఉండకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి, పైగా అది ముంబయి రేవు ద్వారా మాత్రమే రావాలి. దిగుమతి సుంకం, దానిమీద జీఎస్టీ కలుపుకుంటే కారుకు అయ్యే మొత్తం ఖర్చు దాని అసలు విలువకు మూడు రెట్లు దాటుతుంది. వింటేజి వాహనంగా నమోదు చేయించుకోవచ్చని కొందరు నమ్మబలుకుతారు గాని, 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం ఆ గుర్తింపు యాభై ఏళ్ళు దాటిన వాహనాలకే దక్కుతుంది. అందుచేత 1999 నాటి స్కైలైన్‌ను ఈ రోజు జపాన్ వేలంలో కొని సక్రమంగా ఇక్కడికి తెచ్చే దారి సామాన్య కొనుగోలుదారుకు లేదు. అమెరికాలో పాతికేళ్ళు నిండిన కార్లకు, కెనడాలో పదిహేనేళ్ళు నిండిన వాటికి మినహాయింపు ఉంది. అక్కడ స్థిరపడిన మనవాళ్ళు పెట్టే వీడియోలు చూసి ఇక్కడి కుర్రాళ్ళు ఆశపడుతున్నారు. ఆ మినహాయింపు మన దేశంలో లేదన్న సంగతి మాత్రం ఆ వీడియోల్లో ఎవరూ చెప్పరు, చెప్పవలసిన అవసరం వారికి లేదు కూడా.

మాకు చూపించిన కారు స్కైలైన్ ఆర్34 జీటీ-ఆర్ (ఆ స్కైలైన్లలో అన్నిటికంటే పై రకం) అన్నారు, ధర నలభై రెండు లక్షలు అన్నారు. అనుమానం అక్కడే మొదలవ్వాలి. మంచి స్థితిలో ఉన్న అసలైన ఆర్34 జీటీ-ఆర్ విదేశాల్లోనే కోటి రూపాయలు దాటి అమ్ముడుపోతుండగా, సుంకం కట్టి వచ్చిన కారు రణస్థలం దగ్గర హైవే పక్క షెడ్డులో అందులో సగం ధరకు ఎలా దొరుకుతుంది? నాతో వచ్చిన మెకానిక్కు బానెట్ ఎత్తి చూడగానే ఒకే టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) కనిపించింది. జీటీ-ఆర్‌లో ఉండే 2.6 లీటర్ల ఆర్‌బీ26 ఇంజనుకు రెండు టర్బోలుంటాయి. కారు కిందికి దూరి టార్చి వేసి చూస్తే ముందు చక్రాలకు శక్తిని అందించే షాఫ్టులే లేవు, జీటీ-ఆర్ అయితే నాలుగు చక్రాల డ్రైవు ఉండి తీరాలి. బానెట్ కింద ఫైర్‌వాల్ (ఇంజనుకూ లోపలి సీట్లకూ మధ్య ఉండే రేకు గోడ) మీదున్న చాసిస్ నంబరుపై తెల్లకాగితం ఆనించి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు తీసే పద్ధతిలోనే పెన్సిలుతో రుద్ది ప్రింటు తీశాం. అది ఈఆర్34 అనే అక్షరాలతో మొదలైంది. అసలు జీటీ-ఆర్ నంబరు బీఎన్ఆర్34 అని మొదలవుతుంది. అంటే తక్కువ రకం స్కైలైన్‌కు జీటీ-ఆర్ బంపరు, బ్యాడ్జీ తగిలించి నిలబెట్టారన్న మాట.

ఇంతవరకు అది వస్తువులో మోసం. సి బుక్కు అంతకంటే ప్రమాదకరమైనది. ఒక ఈశాన్య రాష్ట్రపు రిజిస్ట్రేషనుతో ఉన్న ఆ పుస్తకంలో తయారీ సంవత్సరం 2006 అని ఉంది. ఆర్34 రకం 2002 తర్వాత తయారే కాలేదు. మూడేళ్ళ నిబంధన దాటించడానికి ఎవరో సంవత్సరం మార్చి రాయించారని అర్థం చేసుకోవడానికి పెద్ద తెలివి అక్కరలేదు. అంతేకాక సి బుక్కులో పదిహేడు అక్షరాల చాసిస్ నంబరు ఉంది. జపాన్ దేశీయ విపణికి చేసిన కార్లకు అలాంటి నంబరు ఉండదు, మోడల్ కోడు, చిన్న గీత, ఆ తర్వాత అంకెలు మాత్రమే ఉంటాయి. అంటే ఆ పుస్తకం మరేదో కారుది. కస్టమ్స్ వారి బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాలు నమోదైన పత్రం) చూపించమని ఆ మధ్యవర్తిని అడిగితే, "ఓడ మన వైజాగ్ పోర్టులోనే దిగింది సార్, కాగితాలు ఏజెంటు దగ్గర ఉన్నాయి" అన్నాడు. వాడిన కారు విశాఖ రేవులో దిగడం నిబంధనల ప్రకారం కుదరదు కనుక, ఆ ఒక్క మాటతో మిగతా సందేహాలు కూడా తీరిపోయాయి.

ఇలాంటి పుస్తకంతో కారు కొంటే, నిరభ్యంతర పత్రం తెచ్చుకుని ఇక్కడ పేరు మార్పిడికి వెళ్ళినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టరు నంబరు సరిపోల్చే దశలోనే ఆగిపోతుంది. ఒకవేళ అక్కడ దాటినా, ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ చాసిస్ నంబరు సరిపోలలేదని క్లెయిము తిరస్కరించవచ్చు. కస్టమ్స్ అధికారులు కారు ఎవరి ఇంట్లో కనిపిస్తే అక్కడే స్వాధీనం చేసుకోగలరు. 2025 సెప్టెంబరులో కేరళలో ఆపరేషన్ నుంఖోర్ పేరుతో జరిగిన సోదాల్లో, భూటాన్ మీదుగా వచ్చి తప్పుడు పత్రాలతో నమోదయ్యాయని అనుమానించిన కార్లను ఇప్పటి యజమానుల దగ్గరి నుంచే పట్టుకున్నారు. కార్నె పత్రం (సుంకం కట్టకుండా వాహనాన్ని కొంతకాలం దేశంలోకి తేనిచ్చే పత్రం) మీద తాత్కాలికంగా వచ్చిన కార్లను చూపించేవారు కూడా ఉన్నారు, అవి గడువులోగా తిరిగి దేశం దాటిపోవలసినవే తప్ప అమ్ముకోదగినవి కావు.

సక్రమమైన పాత జపాన్ కారు మన దేశంలో అసలు లేదని నేను అనడం లేదు. అది కొత్తగా ఉన్న రోజుల్లోనే, మూడేళ్ళలోపు, సుంకం కట్టి తెచ్చినదైతే బిల్ ఆఫ్ ఎంట్రీ, సుంకం చెల్లించిన రసీదు, మొదటి రిజిస్ట్రేషను తేదీ మూడూ ఒకదానితో ఒకటి అతుకుతాయి. మరి అలాంటిది దొరికితే కొనవచ్చా అంటే, డబ్బు పక్కన పడేసి మరచిపోగలిగిన వారికి మాత్రమే అంటాను. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలకు, గాస్కెట్లకు మంచిది కాదు. ఆర్‌ఎక్స్-7 రోటరీ ఇంజనులో (పిస్టన్లకు బదులు మూడు మూలల రోటరు తిరిగే ఇంజను) ఆ మూలల్లో ఉండే అపెక్స్ సీళ్ళు అరిగితే ఇంజను మొత్తం విప్పక తప్పదు, ఆ పని తెలిసిన చెయ్యి మన వైపు నాకైతే కనిపించలేదు. జపాన్ ఉత్తర ప్రాంతంలో మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు కనుక, పైకి అద్దంలా మెరిసే కారుకు కింద తుప్పు పట్టి ఉండవచ్చు. జపాన్ వేలంలో కారు స్థితిని రాసిచ్చే వేలం పత్రంలో గ్రేడు స్థానంలో ఆర్ (R) అనే అక్షరం ఉంటే అది ప్రమాదం జరిగి బాగుచేసిన బండి. ఆ పత్రం జిరాక్సు చూపించి అసలు ఇవ్వనివారిని నమ్మవద్దు.

అడ్వాన్సు గురించి కూడా చెప్పాలి. మా తోడల్లుడికి ఇచ్చిన రసీదులో కారు పేరు గాని నంబరు గాని లేవు, "పాత స్పేర్ పార్టుల కొనుగోలు నిమిత్తం" అని మాత్రమే ఉంది. కారు గురించి ఒప్పందమే జరగలేదని రేపు బుకాయించడానికి రాసుకున్న వాక్యం అది. ఆయన ఓడ మీద ఉన్నందున డబ్బు తన ఖాతా నుంచి బ్యాంకు ద్వారానే పంపారు, ఆ లావాదేవీ వివరాలు, ఫోన్లో వచ్చిన సందేశాలు, మేము తీసిన చాసిస్ ప్రింటు జతచేసి పోలీసు ఫిర్యాదు ఇచ్చాం. చాసిస్ నంబరు, మొదటి రిజిస్ట్రేషను తేదీ, బిల్ ఆఫ్ ఎంట్రీ నంబరు రసీదులో రాసి సంతకం చేయనివారికి పది వేలైనా ఇవ్వకండి.

మేము చూసినప్పుడు ఆ కారు నీలం రంగులో ఉంది. ఇప్పుడు వెండి రంగు వేసి బొబ్బిలి వైపు మరొకరికి చూపించారని మొన్న తెలిసింది. సి బుక్కులో రంగు ఇంకా నీలమనే ఉంది.