క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్: ఆరేళ్ల వాడకం తర్వాత

ప్రాసెసర్ గురించి, గ్రాఫిక్స్ కార్డు గురించి రాసేవాళ్లు బోలెడు మంది. ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు కావలసిన తక్కువ వోల్టులకు మార్చి ఇచ్చే పెట్టె) గురించి రాయాలని ఎవరికీ అనిపించదు. నాకూ అనిపించేది కాదు, అది నన్ను ఇన్నేళ్లు తిప్పలు పెట్టకపోయి ఉంటే. ఆరేళ్లలో రెండు హార్డ్ డిస్కులు, ఒక ర్యామ్, ఒక మదర్‌బోర్డు మార్చాను. ఎస్‌ఎంపీఎస్ వైపు కన్నెత్తి చూడలేదు. ఫ్యాను తిరుగుతోంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

మొదటి రెండేళ్లు ఏ గొడవా లేదు. మూడో ఏట హార్డ్ డిస్కు టిక్కుటిక్కుమని ఆగిపోయింది. వయసైపోయిందనుకున్నాను. ఏడాది తిరగకుండానే కొత్త డిస్కులో ఫైళ్లు తెరుచుకోవడం మానేశాయి. ఈసారి తయారీదారును తిట్టుకుని వేరే కంపెనీ డిస్కు పెట్టాను. ఆ తర్వాత విండోస్ కుప్పకూలినప్పుడు వచ్చే నీలి తెరలు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్‌ను రాత్రంతా నడిపితే రెండు ర్యామ్ స్టిక్కుల్లో ఒకదానిలో తప్పులు కనిపించాయి. స్లాటు మార్చాను, కాంటాక్టులను రబ్బరుతో తుడిచాను (నవ్వకండి, కొన్నిసార్లు నిజంగానే పనిచేస్తుంది), అయినా లాభం లేక అదీ మార్చాను.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. వీడియో ఎడిట్ చేస్తుంటే కంప్యూటర్ చెప్పా పెట్టకుండా రీస్టార్ట్ అయ్యేది. జరిగినవన్నీ విండోస్ రాసిపెట్టే చిట్టా, ఈవెంట్ వ్యూయర్‌లో ప్రతిసారీ ‘కెర్నల్-పవర్ 41’ అనే ఎంట్రీ. అదే కారణమనుకుని దాని వెంట రెండు రోజులు పడ్డాను. కంప్యూటర్ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని చెప్పడమే దాని పని. ఎందుకు ఆగిపోయిందో దానికీ తెలియదు. వేడి అనుకుని థర్మల్ పేస్టు మార్చాను. చివరికి మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ పక్కనున్న కెపాసిటర్ల (కరెంటును నిలకడగా అందించే చిన్న డబ్బాల) తలలు ఉబ్బి ఉండటం చూసి, దొంగ దొరికాడని సంబరపడి బోర్డే మార్చేశాను. కొత్త బోర్డు మూడో రోజున రీస్టార్ట్ అయింది.

అప్పుడు గాని మల్టీమీటర్ బయటికి తీయలేదు. ఎస్‌ఎంపీఎస్‌ను కంప్యూటర్ నుంచి విడదీసి, పెద్ద కనెక్టర్‌లోని ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపి ఆన్ చేశాను. 12.1, 5.05, 3.3 వోల్టులు. అన్నీ భేషుగ్గా ఉన్నాయి. ఆ పరీక్ష మీద నాకు ఇప్పటికీ కోపమే. బరువు ఎత్తించకుండా బలం చూసినట్లు, లోడు లేని చోట వోల్టేజీ కొలిచి ప్రయోజనం లేదు. మళ్లీ అన్నీ తగిలించి, వాడకుండా వదిలేసిన ఒక కనెక్టర్‌లోని పసుపు తీగ (12 వోల్టుల లైను) దగ్గర మీటర్ ముల్లు పెట్టి, ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ ఒకేసారి పని చెప్పాను. 11.9 ఉన్నది 11.2కు దిగింది. ఆ వెంటనే తెర నల్లబడింది. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లు పాటించాల్సిన ఏటీఎక్స్ ప్రమాణంలో, ఇది తయారైన నాటి లెక్క ప్రకారం 12 వోల్టుల లైను 5 శాతం మించి అటూ ఇటూ కదలకూడదు, అంటే 11.4 కంటే దిగకూడదు.

లేబుల్ తీరిగ్గా చదివింది ఆ రోజే. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లు. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల లైనుకు 18 ఆంపియర్లు, అంటే 216 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు బతికేది ప్రధానంగా ఈ లైను మీదే. మిగతా అంకె కొనేవాళ్లను మురిపించడానికి. నా తప్పూ ఉంది: గాలి ఆడని బల్ల అరలో క్యాబినెట్ పెట్టి, దుమ్ము దులపడం మరిచిపోయాను. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు పది డిగ్రీల వేడి పెరిగితే దాదాపు సగమవుతుంది. జాలీలోంచి టార్చి వేసి చూస్తే లోపలివీ ఉబ్బే ఉన్నాయి. విప్పి మాత్రం చూడలేదు, మీరూ విప్పకండి. ప్లగ్గు పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

12 వోల్టుల లైనుకు 45 ఆంపియర్లు ఇచ్చే 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టి పద్నాలుగు నెలలైంది. ఒక్కసారి కూడా రీస్టార్ట్ కాలేదు. ఆ ధైర్యంతో మూలన పడేసిన పాత భాగాలను తిరిగి పరీక్షించాను. ర్యామ్ నిజంగానే పోయింది, మెమ్‌టెస్ట్‌లో ఇప్పటికీ తప్పులే. మొదటి డిస్కూ అంతే. మదర్‌బోర్డు సంగతి తేల్చలేను. రెండో డిస్కు మాత్రం నన్ను సిగ్గుపడేలా చేసింది. అందులో ఉన్నవన్నీ పెండింగ్ సెక్టార్లే, అంటే చదవలేక డిస్కు అనుమానంలో పెట్టిన చోట్లు. రాస్తుండగా కరెంటు తడబడితే అవి అలా మిగిలిపోతాయి. డిస్కు మొత్తం ఒకసారి సున్నాలతో నింపితే ఆ లెక్క సున్నాకు వచ్చింది, నిజంగా పాడై డిస్కు పక్కన పెట్టేసిన (రీఅలొకేటెడ్) సెక్టారు ఒక్కటీ లేదు. నేను తిట్టుకున్న ఆ డిస్కులోనే ఇప్పుడు సినిమాలు దాచుకుంటున్నాను.

ఈ ఎస్‌ఎంపీఎస్‌కు ఐదింట ఒక్క చుక్క, అదీ ఆరేళ్లూ చప్పుడు చేయని దాని ఫ్యానుకు. ఎలక్ట్రానిక్ చెత్తలో వేసే ముందు తీగలన్నీ కత్తిరించాను. పనికొస్తుందని ఎవరైనా తీసుకెళ్లి మళ్లీ తగిలిస్తారేమోనని.